ముడుపులో పాస్‌వర్డ్

మే 1, శుక్రవారం

ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. నాలుగు నెలలు బీరువాలో పడి ఉంది. ఈరోజు తీశాను. కొన్ని విషయాలు రాతలో ఉండాలి. రేణిగుంట గోడౌన్‌లో ఇరవై రెండేళ్ళుగా నేను చేసే పని అదే. గేటులోంచి ఏం లోపలికి వచ్చింది, ఏం బయటికి పోయింది, ఎన్ని గంటలకు, ఎవరి సంతకంతో. నా గేటు దాటి ఒక్క అట్టపెట్టె కూడా రాయకుండా పోలేదు.

నా ఇంట్లో మాత్రం అడ్డూ ఆపూ లేదు. ఇంటర్నెట్ సంగతి చెబుతున్నాను.

మహితకు ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో డెబ్బై ఐదుకు నలభై ఆరు వచ్చాయి. ఇప్పుడు సెలవులు. రోజంతా ఫోన్. ఏం అడిగినా "ఊ" అంటుంది, లేకపోతే "సరే" అంటుంది. ఈ రెండు మాటలతోనే ఏడాది గడిపేసింది. నిన్న షిఫ్టు ముగించుకుని మూడింటికి ఇంటికొస్తే హాల్లో ఒక్కతే కూర్చుని ఫోన్ చూస్తూ నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వుతోంది. నన్ను చూడగానే ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఏందమ్మా?" అన్నాను.

"ఏం లేదు నాయనా."

నా కూతురు అంతగా నవ్వడం చూసి చాలా రోజులైంది. దేనికి నవ్విందో నాకు తెలియాలి.

మే 2

చిత్తూరు నుంచి అక్క ఫోన్ చేసింది.

"గుణా, కర్ర లేకుండా వాకిలి దాకా పోయి వచ్చినానురా."

ఫిబ్రవరిలో వేలూరులో మోకాలికి ఆపరేషన్ అయింది వసంతక్కకు. మళ్ళీ నడుస్తానో లేదోనని ఎవరికీ తెలియకుండా ఏడ్చేది.

"కాలొచ్చినాక మొదట నడిచేది ఆయన దగ్గరికేనని మొక్కుకోనుండాను. ఉత్త లైన్లో పదీ పన్నెండు గంటలు నాతో కాదు. మూడొందల టికెట్టు ఒకటి తియ్యి. నీకేమిరా, నువ్వు అనుకుంటే వచ్చినట్టే కదా."

అమ్మ పోయేటప్పటికి నాకు ఆరేళ్ళు. అప్పటి నుంచి నాకు అన్నం పెట్టింది అక్క. బడికి చేయి పట్టుకుని తీసుకుపోయింది. ఇన్నేళ్ళలో నన్ను ఏమీ అడగలేదు. అడగడం ఇదే మొదలు.

ఆగస్టు నెల టికెట్లు ఈ 24న పొద్దున పదింటికి వదులుతారు. తీస్తానని మాటిచ్చాను.

తిరుపతిలో కాపురం ఉండేవాడికి బంధువులు ఎక్కువ. మా పెదనాన్న తోడల్లుడి బావమరిది అని ఒకాయన నెల్లూరు నుంచి నెలకోసారి నా ఆరోగ్యం అడుగుతాడు. వీళ్ళందరికీ నేనే దిక్కు. టికెట్లు పదిహేను నిమిషాల్లో అయిపోతాయి, అయినా నాకు తప్పకుండా దొరుకుతాయి. దానికి నా పద్ధతి నాకుంది. తలస్నానం చేస్తాను. తూర్పు ముఖంగా కూర్చుంటాను. పేర్లు, ఆధార్ నంబర్లు ముందురోజే నోటుబుక్కులో రాసి పెట్టుకుంటాను. కంప్యూటర్లో ఆ బటన్లవీ మహిత నొక్కుతుంది. అది గుమాస్తా పని.

మే 3, ఆదివారం

మా బిల్లింగ్ సెక్షన్ హరినాథ్ చెప్పిన ఉపాయం అమలు చేశాను.

"ఫోను ఫోనుకీ తాళం యాడ వేస్తావు గుణన్నా? రూటర్లోనే వేసెయ్యి. ఇంట్లో ఎన్ని ఫోన్లుండాయో అన్నిటికీ కలిపి ఒకే తాళం" అన్నాడు.

ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన అమర్‌నాథ్ వచ్చి నా ఫోన్లో ఒక యాప్ వేసి వెళ్ళాడు. అందులో ఎవరు ఏం చూస్తున్నారో గంటా నిమిషాలతో కనిపిస్తుంది. అచ్చం మా గేటు రిజిస్టరే. ఏది కావాలంటే అది మూసేయొచ్చు. తెరవాలంటే పాస్‌వర్డ్ ఉండాలి. తిరుపతిలో ఉండే మనిషి పెట్టుకోవాల్సిందే పెట్టుకున్నాను: గోవింద, దాని పక్కన ఒకటి రెండు మూడు.

ఆటలు, సినిమాలు, కబుర్లు మూశాను.

మే 4

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మే 5

"నాయనా, పాస్‌వర్డ్ మార్చు. ఇది ఈ ఊర్లో సగం ఇండ్లకుండాది" అంది మహిత. అన్నం తింటూ, తల ఎత్తకుండా.

ఏడుకొండలు అని మార్చాను.

మే 6

అదీ పోయింది.

ఇంకో విషయం. యాప్‌లో దొంగ దొరికాడు. ఏదో అంకెలూ అక్షరాలూ కలిసిన పేరుతో ఒక ఫోన్ ఉంది. రోజూ మూడింటికి మొదలై ఆరు దాకా ఆగకుండా వీడియోలు. మహిత ఫోన్ దానిముందు దేనికీ పనికిరాదు. రెండో ఫోన్ ఏదో దాచిపెట్టి ఉంటుందని నాకు ఒళ్ళు మండింది. రూపకు చూపించాను. రూపశ్రీ నా భార్య, ఏ విషయమూ కొంచెం కూడా ఆలోచించకుండా నోటికొచ్చింది అనేస్తుంది.

"మూడింటి నుంచి ఆరు దాకా ఈ ఇంట్లో మేల్కోనుండేది ఎవురు? మీరే కదా" అంది.

అది నా ఫోనే.

నేను చూసేవి బోర్లు వేసే వీడియోలు. వాటిని కాలక్షేపం అనడానికి లేదు. ఎన్ని అడుగులకు ఏ రాయి తగులుతుంది, పొడి రంగు ఎప్పుడు మారుతుంది, నీళ్ళు ఎక్కడ పడతాయి, ఇదంతా విజ్ఞానం. రేపు ఒక సెంటు పొలం కొంటే ఇదే అక్కరకొస్తుంది. నా ఫోన్‌ని లెక్కలోంచి తీసేశాను.

మే 7

మూడో పాస్‌వర్డ్ పెట్టాను. చాలా ఆలోచించి పెట్టాను.

మే 9

రెండు రోజులు ఆగింది. ఈరోజు అదీ తెలిసిపోయింది. మహిత పుట్టినరోజు తేదీ అది. తన తేదీ నేను పెడతానని తను అనుకోదని నా లెక్క.

"ఇది మాత్రం నాకు రెండు దినాలు తట్టలేదు నాయనా. నా పుట్టినరోజు నీకు గుర్తుంటాదనుకోలేదు" అంది. ఎగతాళిగా అనలేదు. నేను వంటింట్లోకి పోయి నీళ్ళు తాగాను.

సాయంత్రం ఇంకొకటి బయటపడింది. రూటర్ మూస్తే ఫోన్లో ఉన్న సొంత డేటాతో చూస్తోంది. ప్రహరీ గోడ దూకడమే ఇది. మా ముగ్గురి ఫోన్లకూ డేటా ఆపేసి, మాటలకు మాత్రం సరిపోయే రీచార్జ్ వేశాను. చేసేదేదో నాకూ చేసుకున్నాను. పెద్దవాడు ఆదర్శంగా ఉండాలి.

తర్వాత మహితను పిలిచి నా తల మీద చేయి పెట్టించాను. నేను వేసిన తాళాన్ని నేను చెప్పేదాకా ఏ విధంగానూ ముట్టనని ఒట్టు వేయించాను. వేసింది. చేయి తీసేటప్పుడు నా ముఖం వైపు చూడలేదు.

"ఎదిగిన పిల్లతో ఒట్లేందండీ" అంది రూప. ఆడవాళ్ళకు నిర్వహణ సంగతులు తెలియవు.

మే 11, సోమవారం

ఒట్టు వేరు, తాళం వేరు. రెండూ ఉండాలి.

ఈసారి ఏ మనిషికీ తట్టని పాస్‌వర్డ్ పెట్టాను. నా బీపీ మాత్రల అట్ట వెనకాల ఉన్న బ్యాచ్ నంబరు. పదకొండు అక్షరాలూ అంకెలూ. నాకే నోరు తిరగదు. ఒక చీటీ మీద రాసుకుని, మాత్రలు అయిపోయాయి కాబట్టి అట్ట పారేశాను.

యాప్‌లో మూయదగ్గవి ముప్పై నాలుగు రకాలు ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులో. ఒక్కొక్కటి చదువుతూ కూర్చుంటే తెల్లారుతుంది. కింద 'అన్నీ' అని ఒక బటన్ ఉంది. అది నొక్కి, చదువు ఒక్కటి తెరిచాను. మిగతా ముప్పై మూడూ మూతపడ్డాయి. ఈసారి నా ఫోన్‌కీ మినహాయింపు ఇచ్చుకోలేదు, రూప నోటికి భయపడి.

ఇక చీటీ. బీరువాలో పెడితే రూప చూస్తుంది, పర్సులో పెడితే మహిత చూస్తుంది. ఈ ఇంట్లో ఎవరూ చేయి పెట్టని చోటు ఒక్కటే ఉంది. మహిత పరీక్షలప్పుడు రూప పసుపుగుడ్డలో నూటపదహార్లు కట్టి దేవుడి గూట్లో పెట్టిన ముడుపు. ముడి విప్పి చీటీ లోపల పెట్టి మళ్ళీ అట్లాగే కట్టాను. ఎలాగూ ఆగస్టులో అక్కతో పాటు మేమూ కొండకు పోతాం. హుండీలో వేసే ముందు తీసుకుంటాను.

నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మే 12

ఒక ఇబ్బంది. పుంగనూరు దగ్గర ఒక రైతు బోరు వేయిస్తున్నాడు. ఎనిమిది వందల నలభై అడుగులు పోయినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అంతకు ముందు వేసిన మూడూ ఎండిపోయాయట. బోరు లారీ పక్కన గోతం మీద కూర్చుని తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. పొడి రంగు మారుతోందని నాకు స్పష్టంగా కనిపించింది. నాకు తోచిన సలహా వీడియో కింద రాశాను. రెండో భాగం రేపు అన్నారు. అది నిన్న మధ్యాహ్నం.

ఈరోజు ఆ వీడియో తెరుచుకోలేదు. గోడౌన్‌లో వైఫై ఉంది గానీ గేటు దగ్గర సీసీ కెమెరా సరిగ్గా నా నెత్తి మీదే ఉంది.

చీటీ తీసి నా ఫోన్‌కి మాత్రం తెరుచుకోవచ్చు. దేవుడి గూటి దాకా పోయాను. రూప దీపం పెడుతోంది. దండం పెట్టుకుని వచ్చేశాను.

మే 14

నీళ్ళు పడ్డాయో లేదో.

మే 15

పొద్దున ఫోన్లో పంచాంగం రాలేదంది రూప. వర్జ్యం ఎప్పుడో తెలియడం లేదట. గోడ మీద క్యాలెండర్ ఉంది కదా, అది చూడమన్నాను. అన్నీ ఫోన్లోనే కావాలి వీళ్ళకు.

మే 18

మార్పు కనిపిస్తోంది. మహిత ఫోన్ ముట్టడం లేదు. మేడ మెట్ల మీద కూర్చుని కొండ వైపు చూస్తోంది. మధ్యాహ్నం పడుకుంటోంది. యాప్‌లో దాని పేరు పక్కన సున్నా అని వస్తోంది. హరినాథ్‌కు చూపిస్తే, "సాధించినావన్నా" అన్నాడు.

ఈ పది రోజుల్లో "ఊ", "సరే" కూడా తగ్గాయి. ఇప్పుడు తల మాత్రం ఊపుతోంది.

పద్ధతి పనిచేస్తోందనే అనుకుంటున్నాను.

మే 20

అక్క ఫోన్ చేసింది. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు వీధిలో నడుస్తోందట.

"లైన్లో నిలబడాల కదరా, దానికని నేర్చుకుంటా ఉండాను. 24నే కదా? చేతిలో టికెట్ ఉండాదంటే కాలు ఇంకా బాగా పడతాదిరా" అంది.

కొత్త చీర కూడా తీసుకుందట.

మే 22, శుక్రవారం

షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని దేవుడి గూటి వైపు చూశాను. ముడుపు లేదు.

"కింద పోర్షన్ చంద్రకాంతమ్మ వాళ్ళు కొండకు పోతా ఉండారు. పాప పాసయి నెల దాటిపాయె, ముడుపు ఇంకా ఇంట్లోనే పెట్టుకోకూడదని ఇచ్చి పంపినాను" అంది రూప.

తప్పేం లేదు. ఈ ఊళ్ళో ఎవరు కొండకు పోతున్నా పక్కింటి ముడుపులు పట్టుకుపోతారు. మేమూ ఎందరివో పట్టుకుపోయాం. వెంటనే చంద్రకాంతమ్మకు ఫోన్ చేశాను. స్విచాఫ్. లైన్లోకి పోయే ముందు అందరూ ఫోన్లు కౌంటర్లో ఇచ్చేస్తారు కదా.

ఏడింటికి ఆవిడే చేసింది. "ఏం అన్నా, అన్ని సార్లు చేసినారు? దర్శనం బాగా అయింది. మీ ముడుపు నా చేత్తోనే హుండీలో వేసినాను. రూమ్ దొరికింది, ఆదివారం మధ్యాన్నానికి దిగుతాము" అంది.

చాలా సంతోషం అన్నాను.

ప్రపంచంలో ఎక్కడ పోయిన చీటీనైనా వెతుక్కోవచ్చు. హుండీలో పడింది స్వామిది. అయినా కంగారు పడాల్సింది ఏముంది? తాళంచెవి పోయింది, తలుపు మూసే ఉంది. ఒక విధంగా ఇదే పక్కా బందోబస్తు. రూపకు ఏమీ చెప్పలేదు.

మే 23

అక్కది, మా ముగ్గురిది, నాలుగు పేర్లూ ఆధార్ నంబర్లూ నోటుబుక్కులో రాశాను. తూర్పు వైపు కుర్చీ వేశాను. మహితకు చెప్పాను, రేపు పదింటికి కూర్చోవాలని. తల ఊపింది.

మే 24, ఆదివారం

ఇది మొత్తం రాయాలి.

తొమ్మిదిన్నరకు తలస్నానం చేసి కూర్చున్నాను. మహిత ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"సైటు తెరువు" అన్నాను.

"నువ్వే తెరువు నాయనా."

తెరిచాను. తెర అంతా ఎర్రగా వచ్చింది. మధ్యలో డాలు బొమ్మ. దాని కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

"ఏందిది? ఎవురు మూసినారు దీన్ని?" అన్నాను.

రూప నా భుజం మీదుగా వంగి చదివింది. "రకం: భక్తి, మతం. మూసినవారు గుణశేఖర్." చదివి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తిరపతిలో కాపురం పెట్టుకోని స్వామి గేటుకే తాళమేసినారా?"

ముప్పై మూడు రకాల్లో అదొకటని నేను చదవలేదు. పంచాంగం ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

"పాస్‌వర్డ్ కొట్టి తియ్యండి మరి" అంది రూప.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది, చీటీ ఎక్కడ పెట్టానో, అది ఇప్పుడు ఎక్కడుందో. రూప నవ్వలేదు. గోడ గడియారం చూసి, "వదినకు ఏం చెప్తారు?" అని మాత్రం అడిగింది.

తొమ్మిది నలభై ఎనిమిది. అమర్‌నాథ్‌కు చేశాను. నాయుడుపేటలో పెళ్ళిలో ఉన్నాడు. మేళం మధ్యలోంచి అరిచాడు: "వెనకాల బొక్కలో పిన్ను పెట్టి ఒత్తితే అంతా చెరిగిపోతాది సార్, కానీ మళ్ళా నేనొచ్చి సెట్ చేస్తేనే నెట్టు వస్తాది. సాయంత్రం దాకా ఒత్తొద్దు." ఫోన్‌కి డేటా వేయించుకుందామని హరినాథ్‌కు చేశాను. ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతాడు? ఆ సమయానికి ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అందరూ తెరల ముందు కూర్చుని ఉంటారు. కిందికి పరిగెత్తాను. చంద్రకాంతమ్మ తలుపుకు తాళం వేలాడుతోంది. ఆవిడ కొండ మీద ఉందన్న సంగతి మెట్లు దిగాక గుర్తొచ్చింది.

మెట్లెక్కి వచ్చేసరికి తొమ్మిది యాభై నాలుగు. అక్క నంబరు నుంచి ఫోన్. ఎత్తలేదు. కొత్త చీర గుర్తొచ్చింది. వీధిలో ఇరవై నిమిషాల నడక గుర్తొచ్చింది. ఆమె నా చేయి పట్టుకుని బడి గేటు దాకా వచ్చి, నేను లోపలికి పోయేదాకా నిలబడేది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

"మహితా, ఏదన్నా చెయ్యమ్మా" అన్నాను.

"నేను ముట్టకూడదు నాయనా."

"ఇప్పుడు నేనే చెప్తా ఉండాను కదా."

"నీ తల మీద చెయ్యి పెట్టి చెప్పినాను. నీకేమన్నా అయితే?" అంది. వంకకు చెప్పిన మాట అనుకుని ముఖంలోకి చూస్తే కళ్ళల్లో నీళ్ళున్నాయి.

ఈ పిల్ల రెండు వారాలుగా నా ప్రాణం కాపలా కాస్తోంది. నేనేమో యాప్‌లో సున్నా చూసి మురిసిపోతున్నాను.

దాని చేయి పట్టుకుని నా తల మీద పెట్టుకున్నాను. చిన్నప్పుడు తనే అనేది ఆ మాట, మిఠాయి తిననని ఒట్టేసి గంటలో మనసు మార్చుకున్నప్పుడు. "ఒట్టు తీసి గట్టున పెట్టినాను. అయిపాయె. నాదే తప్పమ్మా" అన్నాను.

అది కుర్చీలో కూర్చుంది. సెట్టింగుల్లోకి పోయి ఏదో ఒక్క వరస మార్చింది. అర నిమిషం కూడా పట్టలేదు. ఎర్ర తెర పోయి సైటు వచ్చింది.

"ఇది ఎప్పుడు నేర్చుకుంటివి?"

"మొదటి రోజే. నువ్వు వాకిలికి తాళమేసినావు, కిటికీ తెరిచే ఉండాది."

"అయితే మరి ఇన్ని దినాలు?"

"ఒట్టు కదా నాయనా" అంది, తెర మీంచి కళ్ళు తీయకుండా.

పదయింది. తెర మీద చిన్న బొమ్మ నడవడం మొదలుపెట్టింది, మా ముందు వేలమంది ఉన్నారని. నేను నోటుబుక్కు తెరిచి అక్క ఆధార్ నంబరు చదవబోయాను. మహిత అప్పటికే కొట్టేసింది. నలుగురివీ దానికి నోటికి వచ్చు. నేను చదివిన దాంట్లో ఒక అంకె తప్పు కూడా ఉంది. పది గంటల ఏడు నిమిషాలకు బొమ్మ ఆగిపోయింది. నాకు చేయడానికి పని ఏమీ లేకపోవడంతో మొక్కుకున్నాను: స్వామీ, అక్కకు టికెట్ దొరికితే ఆమె దర్శనం అయ్యేదాకా బోరు వీడియో ఒక్కటి కూడా చూడను. పైకే అన్నట్టున్నాను. మహిత తల తిప్పి నా వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. మళ్ళీ తెర చూసింది.

బొమ్మ కదిలింది. పది పదహారుకు నాలుగు టికెట్లు వచ్చాయి. ఆగస్టు 19.

అక్కకు ఫోన్ చేశాను. "నాకు తెలుసురా, నువ్వు అనుకుంటే కానిది ఏముండాది" అంది. మహిత పక్కనే ల్యాప్‌టాప్ మూస్తోంది. తీసింది ఆ పిల్లేనని నేను చెప్పలేదు.

అది నాకు నచ్చలేదు. రాసి పెడుతున్నాను.

మే 25

అమర్‌నాథ్ వచ్చి రూటర్ కొత్తగా పెట్టాడు. "పాస్‌వర్డ్ ఏం పెడదాము సార్?" అన్నాడు. ఆ పాపను అడగమన్నాను.

మహిత తన పుట్టినరోజు తేదీ పెట్టింది. అందరికీ వినపడేట్టు చెప్పి మరీ పెట్టింది.

ఆగస్టు 19, బుధవారం

డైరీ మళ్ళీ ఇన్నాళ్ళకు తీశాను. మధ్యలో రాయాల్సినంత గొడవ ఏమీ జరగలేదు. మొక్కు తప్పలేదు. మధ్యాహ్నాలు మూడింటి నుంచి ఆరు దాకా ఎంత పొడుగో ఈ మూడు నెలల్లో తెలిసింది.

పొద్దున అక్కను తీసుకుని నలుగురం కొండకు పోయాం. కొత్త చీర, చేతిలో కర్ర లేదు. ఫోన్లన్నీ కౌంటర్లో ఇచ్చేసి టోకెన్ తీసుకున్నాం. లైన్లో రెండున్నర గంటలు. నా చుట్టూ ఎంతమంది ఉన్నారో, ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు.

మొదటి అరగంట మహిత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. లెక్కల సారు బోర్డు మీద అందరికంటే ముందు పరిగెత్తుతాడట, ఆపి అడగాలంటే భయమట. స్నేహితురాలు లోహితతో వేసవిలో గొడవైందట, ఇద్దరూ నెలన్నర మాట్లాడుకోలేదట. నేను తాళం వేసిన రోజులే అవి. మేడ మెట్ల మీద కూర్చున్నది అందుకని. నేను యాప్‌లో చూసిన సున్నాలో ఇదంతా ఉంది. వింటూ నిలబడ్డాను. సలహా ఒకటి నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

గేటు తెరిచి లైను కదిలినప్పుడు అక్క నా భుజం పట్టుకుంది. "నీ పుణ్యమేరా గుణా" అంది.

"నాది కాదక్కా. టికెట్లన్నీ మహిత తీస్తాది. ఈ ఒక్కటే కాదు, ఇన్నేండ్లూ అన్నీ అదే తీసింది. నేను కుర్చీలో కూర్చుంటానంతే" అన్నాను.

ఎంత కష్టపడి చెప్పానో నాకు తెలుసు. అక్క నా వైపు జాలిగా చూసింది.

"అందురికీ తెలుసులేరా. నెల్లూరాయన గూడా ఫోన్ పెట్టేటప్పుడు పాప బాగుందా అని అడుగుతాడు కదా, ఎందుకనుకుంటివి? నీకు చెప్తే చిన్నబుచ్చుకుంటావని ఎవురూ అనలేదు" అంది.

రూప చటుక్కున వేరే వైపు చూసింది. అంటే రూపకూ తెలుసు.

స్వామి ముందు అక్క ఆగింది రెండు క్షణాలే. ఆ రెండు క్షణాలూ రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడి, చేతులు జోడించి, నవ్వుతోంది. నేను స్వామిని సరిగా చూడలేదు. అక్కనే చూస్తూ బయటికి వచ్చేశాను. హుండీ దగ్గర జనం పసుపు ముడుపులు వేస్తున్నారు. నా బీపీ మాత్రల నంబరు చదివి లోపల లెక్కపెట్టేవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. ఒక దండం ఎక్కువ పెట్టాను.

బయట లడ్డూ తుంచుకుంటూ మెట్ల మీద కూర్చున్నాం. మహిత నా పక్కకు జరిగింది.

"దర్శనం అయిపాయె కదా నాయనా. ఇంక చెప్పొచ్చా?"

"ఏంది?"

"పుంగనూరు బోరు."

నా చేతిలో లడ్డూ ఆగిపోయింది. ఆ సంగతి దానికెట్లా తెలుసు?

"నువ్వు ఏ వీడియో కింద ఏం రాస్తావో నేను, లోహిత అన్నీ చదువుతాము. సెలవుల్లో ఒకనాడు నేను పడీపడీ నవ్వతా ఉంటే నువ్వొస్తివే, అది గూడా నీ కామెంటే. 'తమ్ముడూ, ఆ రిగ్గు డ్రైవర్‌కు ముందు కాఫీ ఇవ్వండి, నిద్రపోతా ఉండాడు' అని రాసినావు." మళ్ళీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆరోజు నవ్వే. నాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువ సంతోషం వేసింది.

"పుంగనూరాయనకు నువ్వు రాసినావు కదా, రాయి రంగు మారతా ఉండాది, ఇంకో వంద అడుగులు పోనీ అన్నా, విడిచిపెట్టొద్దు అని. ఆయన నీకు జవాబు రాసినాడు. మే నెలలోనే. నీ తాళం పోయిన రోజు చూసినాను. మొక్కుకోనుండావని చెప్పలేదు."

"ఏం రాసినాడు?"

"లారీ పంపించేద్దామని ఉన్నాడంట. నీ మాట చదివి ఇంకో నూరడుగులు వేయించినాడంట."

"పడినాయా?"

"తొమ్మిది వందల ముప్పై అడుగులకు. రెండించుల నీళ్ళు. అన్నా, మీరెవరో తెలీదు, మా ఇంటికి రాండి అని ఊరు పేరు గూడా ఇచ్చినాడు."

"ఏం బోరురా? ఎవురిది?" అని అక్క అడుగుతోంది. నేను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాను.

కౌంటర్లో టోకెన్ ఇచ్చి ఫోన్లు తీసుకున్నాం. నా ఫోన్ ఆన్ చేయకుండా జేబులో వేసుకున్నాను. మహిత ఇంకా చెబుతూనే ఉంది.